ఐడహోలో నీటి హక్కు బ్యాంకులో పెట్టే ముందు

ఏప్రిల్ వస్తోంది. అమెరికాలోని ఐడహోలో పొలం కొని, ఈ ఏడు నీటి హక్కును రాష్ట్ర వాటర్ సప్లై బ్యాంకుకి (వాడని నీటి హక్కుల్ని తీసుకుని, కావలసినవాళ్ళకి అద్దెకిచ్చే ప్రభుత్వ ఏర్పాటు) లీజుకిద్దామనుకునే మనవాళ్ళు ఇవి చూసుకోండి. పక్కచేనుకి బోరు నీళ్ళు వదిలినట్టు నోటిమాటతో అయ్యేది కాదిది.

– హక్కు బ్యాంకులో ఉన్నంతకాలం ఆ హక్కు కింది పొలం చెక్క తడపకూడదు. ఎవరూ అద్దెకు తీసుకోకపోయినా అంతే. అప్పుడు అద్దే రాదు, పంటా ఉండదు. పక్క మడిలో తిరిగే పైవట్ (గుండ్రంగా తిరుగుతూ నీళ్ళు చల్లే యంత్రం) చివరి గన్ జల్లు ఇటు పడకుండా ముందే ఆపించండి.

– నీటి శాఖ రికార్డులో పేరు మార్పించారా? పొలం రిజిస్ట్రేషన్‌తో అది దానంతటదే మారదు.

– వరసగా ఐదేళ్ళు వాడని హక్కు రద్దయ్యే ప్రమాదముంది. బ్యాంకులో ఉన్న ఏళ్ళు ఆ లెక్కలోకి రావు. కానీ అంతకుముందే ఐదేళ్ళు బీడు పెట్టి ఉంటే, ఇప్పుడు బ్యాంకులో పెట్టి కాపాడుకోవచ్చని ఆశపడకండి.

– అద్దెలో 10 శాతం బ్యాంకుకి పోతుంది.

– జలాశయంలో నిల్వ నీరైతే దారి వేరు, స్థానిక రెంటల్ పూల్‌లో (నిల్వ నీటిని అద్దెకిచ్చే అక్కడి ఏర్పాటు) అడగాలి.