మూడో తరగతికి కంప్యూటర్ పాఠం: ముందు సుద్దముక్క, తర్వాతే మౌస్

బోరబండలో నేను చెప్పే మూడో తరగతిలో 34 మంది పిల్లలు, పనిచేసే కంప్యూటర్లు నాలుగు. మొదటి ఏడాది నేరుగా మౌస్ చేతికిచ్చాను. నలుగురు ఆడుకుంటే మిగతావాళ్లు వాళ్ల భుజాల మీద పడి చూశారు, అంతే. ఇప్పుడు మొదటి రెండు వారాలు కంప్యూటర్ గది తాళమే తీయను.

వరండాలో సుద్దముక్కతో అడ్డం అయిదు, నిలువు అయిదు గడులు గీయండి. ఒక మూల సికింద్రాబాద్ స్టేషన్, ఎదురు మూల చార్మినార్, మధ్యలో రెండు గడుల్లో ట్రాఫిక్ జామ్. ఒకరు రోబో. మిగతావాళ్లు మూడే మాటలతో రోబోను చార్మినార్ చేర్చాలి: ఒక గడి ముందుకు, కుడికి తిరుగు, ఎడమకు తిరుగు.

'తిరుగు' అనగానే రోబో తిరిగి, ఒక అడుగు కూడా వేసేస్తుంది. తిరగడం వేరు, నడవడం వేరు అని అక్కడే ఆపి చెప్పండి. ఇంకో చిక్కు, రోబోకు ఎదురుగా నిలబడితే కుడి ఎడమలు తారుమారవుతాయి. ఒక పాప రెండుసార్లు 'కుడి' అంది, రెండుసార్లూ రోబో జామ్‌లోకే పోయింది. అందరూ 'తప్పు, తప్పు' అని అరుస్తుంటే ఏడుపు మొహం పెట్టింది. వెళ్లి రోబో వెనక నిలబడమన్నాను. చేయి చాపి చూసుకుని 'ఎడమ!' అని గట్టిగా అరిచింది. ఆ రోజు నుంచి చెప్పేవాళ్లు రోబో వెనకే నిలబడాలన్నది మా రూల్.

తర్వాత దారి మొత్తం ముందే నోటుబుక్కులో రాయించండి. తప్పిన చోట ఆ ఒక్క లైనే దిద్దాలి, మొత్తం కొట్టేయకూడదు. దీన్నే డీబగ్గింగ్ అంటారని చెప్పండి. ఆ మాట పిల్లలు ఇష్టంగా పలుకుతారు.

మూడో వారం స్క్రాచ్. ఆదేశాలు రాసి ఉన్న ముక్కలను, అంటే బ్లాక్‌లను, వరుసగా పేర్చి తెర మీది పిల్లి బొమ్మను నడిపించే ప్రోగ్రామ్ ఇది. అమెరికాలోని ఎంఐటీ అనే విశ్వవిద్యాలయంలో తయారై 2007లో వచ్చింది, ఉచితం. నెట్ పోయినా పాఠం ఆగకుండా ఆఫ్‌లైన్ యాప్ వేసుకోండి. ఒకటి, రెండు తరగతులకైతే బొమ్మలతో నడిచే స్క్రాచ్ జూనియర్ చాలు.

స్క్రాచ్‌లో తిరిగే బ్లాక్ మీద మొదట 15 డిగ్రీలు ఉంటుంది. నొక్కితే పిల్లి కాస్త వంగుతుందే గానీ పక్కకు తిరగదు. 90 అని మార్చమనండి. కోణాల పాఠం అక్కర్లేదు, సుద్దగడి మూలను చూపిస్తే చాలు. 100 అడుగులు నడువు, 90 తిరుగు, ఇలా నాలుగుసార్లు. పిల్లి కనురెప్పపాటులో చుట్టి మొదటి చోటికే వచ్చేస్తుంది, పిల్లలేమో 'కదల్లేదు టీచర్' అంటారు. ప్రతి అడుగు బ్లాక్ తర్వాత ఒక సెకను ఆగే బ్లాక్ పెట్టించండి.

కంప్యూటర్‌కు ఇద్దరు, ఒకరిది మౌస్, ఇంకొకరిది మాట. పది నిమిషాలకు మార్చండి. మిగతా 26 మంది గడుల దగ్గరే ఉంటారు. మౌస్ మాత్రం మీరు అస్సలు అందుకోవద్దు. 'పిల్లి ఇప్పుడు ఎటు చూస్తోంది?' అని అడగండి చాలు. గంట కొట్టే ముందు ఫైల్‌ను ఇద్దరి పేర్లతో సేవ్ చేయించండి, లేకపోతే వచ్చే వారం సగం పీరియడ్ దాన్ని వెతకడానికే పోతుంది.