లేజర్‌తో సెమీకండక్టర్ పరికరాల ముద్రణ: వరంగల్ నుంచి పీహెచ్‌డీకి ఎలా వెళ్లాలి?

"సార్, సెమీకండక్టర్‌లో పీహెచ్‌డీ అంటే కోట్లు పెట్టి కట్టిన క్లీన్‌రూమ్ ఉండాలె కదా, మనకెక్కడ దొరుకుతది?" హన్మకొండలో ఎం.ఎస్సీ. ఫిజిక్స్ పిల్లలు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది. సెమీకండక్టర్ అంటే సిలికాన్ లాంటి, విద్యుత్తును కొంతమేరకే పారనిచ్చే పదార్థం. దాంతో చేసే చాలా పనులకు క్లీన్‌రూమ్, అంటే గాల్లో దుమ్ము దాదాపు లేని గది, కావాల్సిందే. కానీ లేజర్‌తో పరికరాలు ముద్రించే పరిశోధనలో మొదటి అడుగులు ఊళ్లోనే వేయవచ్చు. ఆ అడుగులు వేసిన వాళ్ల దరఖాస్తును ఎంపిక చేసేవాళ్లు వేరుగా చూస్తారు.

1. ముందు పని ఏంటో అర్థం చేసుకోండి

ఆఫీసుల్లో కాగితాలు తీసే లేజర్ ప్రింటర్‌తో దీనికి సంబంధం లేదు. గాజు పలకకు ఒకవైపు పలుచని పదార్థపు పొర పూస్తారు. పూత కిందికి ఉండేలా తిప్పి, మరో పలకకు కొన్ని మైక్రోమీటర్ల ఎత్తులో పెడతారు. పైనుంచి గాజులోంచి లేజర్ తునక (పల్స్, అంటే అతి కొద్ది సేపే ఉండే వెలుగు దెబ్బ) పడగానే, పడిన చోట ఉన్న చిన్న ముక్క మాత్రమే ఊడి కింది పలకకు అతుక్కుంటుంది. బొట్టుబిళ్లల అట్ట మీంచి ఒక్క బిళ్ల తీసి నుదుట పెట్టుకున్నట్టే. శక్తి తక్కువైతే పొర కదలదు, ఎక్కువైతే చుట్టూ తుంపర్లు చిందుతాయి. పీహెచ్‌డీలో సగం కాలం ఆ రెంటి మధ్య ఉన్న సన్నని హద్దును వెతకడానికే పోతుంది. 1986లో బొహాండీ అనే పరిశోధకుడి బృందం ఎక్సైమర్ లేజర్‌తో (అతినీలలోహిత కాంతినిచ్చే లేజర్) రాగిని సిలికాన్ మీదికి ఇలాగే బదిలీ చేసి చూపింది.

ఇందులోనే ఇంకో రెండు దారులున్నాయి. వెండి నానో రేణువుల (కంటికి కనపడనంత సన్నని పొడి) ఇంకుతో గీసిన గీతను లేజర్‌తో కాల్చి తీగలా గట్టిపరచడం ఒకటి. మామూలు వెండి ముద్ద సుమారు 962 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, నానో రేణువులు మాత్రం 150-200 డిగ్రీలకే అతుక్కుంటాయి. అయినా ఓవెన్‌లో పెడితే చవక ప్లాస్టిక్ షీటు ముడుచుకుపోతుంది. లేజర్ వేడి గీత వరకే ఆగుతుంది. రెండోది, పలుచని సిలికాన్ పొరను లేజర్‌తో కరిగించి స్ఫటికాలుగా మార్చడం. ఎన్నో ఫోన్ల తెరల వెనక ఉన్న ట్రాన్సిస్టర్లు ఇలా తయారైనవే. ఈ ముద్రణతో కంప్యూటర్ ప్రాసెసర్లు తయారు కావు. సెన్సర్లు, తెరలు, వంగే సర్క్యూట్లు దీని రంగం. ఇంటర్వ్యూలో ఈ తేడా స్పష్టంగా చెప్పగలగాలి.

2. చేతికి పని చెప్పండి

అన్నిటికన్నా నేను పట్టుబట్టేది దీని గురించే. షీల్డులు, యాక్రిలిక్ నేమ్ బోర్డులు చేసే దుకాణాల్లో కార్బన్ డయాక్సైడ్ లేజర్ మిషన్లు ఉంటాయి. మొబైల్ రిపేరు వాళ్లు వాడే బంగారు రంగు టేపు సాధారణంగా పాలిఇమైడ్ అనే, వేడిని తట్టుకునే ప్లాస్టిక్‌తో చేసింది. నిజంగా అదేనని చూసుకుని కొనండి. ఆ లేజర్‌తో దాని మీద గీస్తే పైపొర గ్రాఫీన్ (కార్బన్ అణువుల పలుచని రేకు) నల్లని నురుగుగా మారుతుంది. ఈ సంగతిని 2014లో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ టూర్ బృందం ప్రకటించింది. అది సెమీకండక్టర్ కాదు, విద్యుత్తును పారనిచ్చే కార్బన్. కానీ నేర్పే క్రమశిక్షణ అదే.

టేపును ముడతలు లేకుండా టైల్ ముక్క మీద అతికించి తీసుకెళ్లండి. "అన్నా, పవర్ జర తగ్గించి ఒక గీత కొట్టరాదే" అంటే కాదనే వాళ్లను నేను చూడలేదు. 20 మిల్లీమీటర్ల పొడవు, 2 మిల్లీమీటర్ల వెడల్పున్న పట్టీలు, ఒక్కోదానికి ఒక్కో పవర్, వేగం పెట్టి గీయించండి. మల్టీమీటర్ ముళ్లను నేరుగా ఆనిస్తే నురుగు రాలిపోయి రీడింగ్ గంతులేస్తుంది. అందుకే రెండు కొసలకూ వెండి పెయింట్ రాసి, ఆరాక కొలవండి. పొడవును వెడల్పుతో భాగిస్తే పట్టీలో 2 మిల్లీమీటర్ల చతురస్రాలు 10 పడతాయి. మీటర్ 400 ఓమ్‌లు చూపితే, ఒక్కో చతురస్రానికి 40 ఓమ్‌లు. ప్రతి పట్టీనీ మూడుసార్లు కొలిచి, పాడైన వాటిని కూడా నోటుబుక్కులో రాయండి.

మిషన్ మూత తీసి గీయించొద్దు, పొగ బయటికి లాగే ఫ్యాన్ నడుస్తుండాలి. పీవీసీ షీటు మాత్రం అస్సలు పెట్టొద్దు, దాన్నుంచి హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది.

3. గైడ్‌కు (పీహెచ్‌డీ చేయించే ప్రొఫెసర్‌కు) ఉత్తరం రాయండి

చదువుకునే రోజుల్లో నేను ఒకే ఉత్తరాన్ని పేర్లు మార్చి ముప్పై మందికి పంపాను. రెండే జవాబులొచ్చాయి, రెండూ మర్యాదకు రాసినవే. అలా ఆరు నెలలు వృథా అయినందుకు ఇప్పటికీ బాధపడతాను. మీరు ఐదుగురికే రాయండి. ఒక్కొక్కరి ఈమధ్యటి పరిశోధనా పత్రం ఒకటి పూర్తిగా చదివి, అందులోని ఒక గ్రాఫు గురించి నిజమైన ప్రశ్న ఒకటి అడగండి. దాని కింద మీ పట్టీల కొలతలతో గీసిన గ్రాఫు పెట్టండి. మొత్తం పదిహేను వాక్యాలు దాటొద్దు.

4. తలుపులు తెలుసుకోండి

మనవాళ్లు ఇప్పటికీ ఆర్‌ఈసీ అని పిలుచుకునే వరంగల్ నిట్‌లో ఫిజిక్స్, ఈసీఈ, మెటలర్జీ, మెకానికల్ విభాగాలన్నీ చూడండి, ఈ పని ఏ గూటిలోనైనా ఉండొచ్చు. కాకతీయ విశ్వవిద్యాలయం నోటిఫికేషన్లూ చూస్తుండండి. కాజీపేటలో రైలెక్కితే హైదరాబాద్ దగ్గరే: అక్కడ ఐఐటీ, కేంద్రీయ విశ్వవిద్యాలయం, బాలాపూర్‌లో ఏఆర్‌సీఐ అనే కేంద్ర ప్రభుత్వ పదార్థ పరిశోధన సంస్థ ఉన్నాయి. గేట్ స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. సైన్స్ వాళ్లకు సీఎస్‌ఐఆర్ నెట్ ఉంది. 2023 జనవరి నుంచి జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) నెలకు 37,000, ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) 42,000 రూపాయలు. పరీక్షలో ర్యాంకు రాకపోతే ప్రాజెక్టు పోస్టులకు దరఖాస్తు చేయండి. ముందు ప్రాజెక్టులో చేరి, తర్వాత పీహెచ్‌డీకి రిజిస్టరైన వాళ్లు చాలామంది ఉన్నారు.

5. చేరేముందు అడగండి

మీ ల్యాబులో ఏ లేజర్ ఉంది, తునక నిడివి నానోసెకన్లా, ఇంకా ఎన్నో రెట్లు చిన్నవైన ఫెమ్టోసెకన్లా? పాడైతే ఎన్ని నెలల్లో బాగవుతుంది? ఒక విద్యార్థికి వారానికి ఎన్ని గంటలు దొరుకుతుంది? గైడ్‌ను మాత్రమే కాదు, అక్కడ మూడో ఏడాదిలో ఉన్న విద్యార్థిని క్యాంటీన్‌లో విడిగా కలిసి అడగండి. క్లీన్‌రూమ్ లేకపోతే ఐఎన్‌యూపీ అనే కేంద్ర ప్రభుత్వ పథకం ఉంది. బెంగళూరు ఐఐఎస్‌సీ, ఐఐటీ బొంబాయి లాంటి చోట్ల నానో ఫ్యాబ్‌లలో (అతి చిన్న పరికరాలు తయారు చేసే క్లీన్‌రూమ్ ల్యాబుల్లో) బయటి పరిశోధకులకు శిక్షణ ఇచ్చి, పరికరాలు వాడుకోనిస్తారు. ఆ గైడ్ విద్యార్థులను అక్కడికి పంపుతారో లేదో కనుక్కోండి.

6. ఐరోపా వైపు చూస్తే

ఐరోపా సమాఖ్య డబ్బుతో నడిచే పీహెచ్‌డీ కార్యక్రమాలైన మేరీ స్క్లొడోవ్‌స్కా-క్యూరీ డాక్టోరల్ నెట్‌వర్క్‌లకు ఏ దేశం వాళ్లైనా దరఖాస్తు చేయవచ్చు. ఖాళీలు యూరాక్సెస్ అనే ఐరోపా పరిశోధనా ఉద్యోగాల పోర్టల్‌లో వస్తాయి. అప్పటికే డాక్టరేట్ ఉండకూడదు. చేరబోయే దేశంలో అంతకుముందు 36 నెలల్లో 12 నెలలకు మించి ఉండి ఉండకూడదు. ఇక్కడి నుంచి వెళ్లేవాళ్లకు ఈ రెండో నిబంధన దాదాపు ఎప్పుడూ అడ్డుకాదు. ఇది జీతమిచ్చే ఉద్యోగం, అందుకే ప్రకటనలో అడిగిన అర్హతలకు ఒక్కోదానికి ఒక్కో వాక్యంలో జవాబు రాయండి. సిఫార్సు ఉత్తరం ఇచ్చే సార్‌కు గడువుకు మూడు వారాల ముందే చెప్పి, మీ నోటుబుక్కు పేజీల ఫొటోలు కూడా పంపండి.