ఖరీదైన వంటింటి చాకు కొనాలా వద్దా, ఎలా తేల్చుకోవాలి

డబ్బులు తీసేముందు ఒక చిన్న పని చేయండి. ఇంట్లో ఇప్పుడు వాడుతున్న చాకు తీసుకుని బాగా పండిన టమాటా మీద ఆనించి, అస్సలు నొక్కకుండా మెల్లగా మీవైపు లాగండి. తొక్క తెగి చాకు లోపలికి దిగిందంటే మీ చాకు బాగానే ఉంది. తొక్క మీద జారిపోయి, మీరు నొక్కితే గింజలు చిమ్మి బయటికొచ్చాయంటే అందులో పదును లేదు, అంతే. పదును పోయినంత మాత్రాన కొత్త కత్తి కొనక్కర్లేదు, సానరాయి కొంటే సరిపోతుంది. ఈ ఒక్క తేడా తెలియక మనవాళ్లు వేలకు వేలు పోస్తున్నారు, అది చూసి బాధేసి ఇదంతా రాస్తున్నా.

నేనూ అలా పోసినవాణ్ణే. ఆరేళ్ల కింద ఒక ఆన్‌లైన్ అమ్మకందారు దగ్గర అలలు అలలుగా గీతలున్న "డమాస్కస్" సెట్టు కొన్నా, ఐదు కత్తులు, చెక్క స్టాండు, చూడ్డానికి కళ్లు చెదిరేవి. రెండు నెలలు పీచుతో తోమేసరికి అలలన్నీ చెరిగిపోయాయి, పైన ముద్ర వేసిన డిజైన్ అన్నమాట. నిజంగా పొరలు పెట్టి చేసిన కత్తిలో కూడా ఆ అలలు చాలావరకు పక్కన అతికించిన స్టీలువే, కోసేది మధ్యలో ఉన్న ఒక్క పొర. కాబట్టి అలలకి ఇచ్చే డబ్బు అందానికి ఇచ్చేదే, నచ్చితే ఇవ్వండి తప్పులేదు, కానీ బాగా తెగుతుందని మాత్రం ఇవ్వకండి. అసలు పాతకాలం డమాస్కస్ కత్తుల వెనక ఉన్నది మన ఉక్కు, నిజామాబాద్ వైపు కోనసముద్రంలో మూసల్లో కరిగించి తీసిన ఉక్కు ముద్దల కోసం పర్షియా వర్తకులు అక్కడిదాకా వచ్చేవాళ్లు. ఇప్పుడు అమ్మే గీతల కత్తులకీ దానికీ సంబంధం లేదు.

సరే, ఫ్యాక్టరీలో తయారయ్యే మంచి కత్తుల్లో ధర దేనికి పెరుగుతుందో చూద్దాం. స్విట్జర్లాండ్ విక్టోరినాక్స్ వాళ్ల ఫైబ్రాక్స్ ఎనిమిది అంగుళాల చెఫ్ నైఫ్ తీసుకోండి, హోటల్ కిచెన్లలో ఎక్కువగా కనిపించే నల్ల ప్లాస్టిక్ పిడిది. జర్మనీలో జోలింగెన్ ఊరి వుస్తోఫ్ క్లాసిక్ అదే సైజుది పక్కన పెట్టండి, ధర మూడు నాలుగు రెట్లు. రెండింటి స్టీలూ దాదాపు ఒకటే, 0.5 శాతం కార్బన్, 15 శాతం క్రోమియం, జర్మన్ లెక్కలో ఈ రకం స్టీలు నంబరు 1.4116. గట్టిదనం కొలిచే రాక్‌వెల్ స్కేలు మీద (అంకె పెరిగితే గట్టిదనం ఎక్కువ) ఫైబ్రాక్స్ 56 చుట్టూ, వుస్తోఫ్ 58. మొదటిది రేకు నుంచి కొట్టి తీసింది, రెండోది కాల్చి సాగగొట్టింది, పిడి దగ్గర మందంగా గడ్డలాంటి మెడ ఉంటుంది, చేతికి బరువుగా ఆనుతుంది, అతుకులు గోరు పెట్టినా తగలవు. ఆ హాయికే మీరు అదనంగా ఇస్తున్నది. ఉల్లిపాయకి ఆ తేడా తెలియదు. పైగా ఆ మెడ అంచుదాకా దిగిన కత్తైతే సాన పట్టేప్పుడు మడమ దగ్గర, అంటే అంచు పిడి వైపు ముగిసే చోట, రాయికి అడ్డొస్తుంది, ఏళ్లు గడిచేకొద్దీ అక్కడ చిన్న గుంట పడి బోర్డు మీద కొత్తిమీర పూర్తిగా తెగదు, పోగుల్లా వేలాడుతుంది.

జపాన్ కత్తుల సంగతి వేరు. ఇక్కడ డబ్బుకి పనిలో నిజంగా తేడా వస్తుంది. తొజిరో కంపెనీ డిపి రకం లాంటి వాటిలో విజి-10 అనే స్టీలు, కార్బన్ ఒక శాతం చుట్టూ, గట్టిదనం 60 దాకా. గట్టిగా ఉంటుంది కాబట్టి పల్చగా చేయగలుగుతారు, ఆ పల్చదనమే అసలు సంగతి. క్యారెట్‌తో చూస్తే వెంటనే తెలుస్తుంది, మందపాటి కత్తితో లావు క్యారెట్ కోస్తుంటే సగం దిగాక టక్‌మని విరిగిపోతుంది, అంటే కత్తి కోయట్లేదు, మేకులా దూరి చీలుస్తోంది. పల్చటి కత్తి అదే క్యారెట్‌లో చప్పుడు లేకుండా కిందదాకా దిగుతుంది, ముక్క నున్నగా తడిగా మెరుస్తుంది. ఈ పల్చదనం స్టీలు పేరు కన్నా ముఖ్యం, కొట్లో ఎవరూ చెప్పరు, మీరే కత్తి నిలువుగా పట్టుకుని అంచు వెనక అర సెంటీమీటరు పైన ఎంత మందం ఉందో చూసుకోవాలి.

కానీ అదే గట్టిదనం వల్ల పెళుసు కూడా. గుమ్మడికాయలో దింపి పక్కకి తిప్పారా, ఫ్రిజ్‌లో గడ్డకట్టిన చికెన్ మీద వేశారా, ఎముక మీద కొట్టారా, అంచున పెచ్చు లేచిపోతుంది. కొబ్బరికాయ, మటన్ ఎముకలు, ఆవకాయ కాయలు దీని పని కాదు. ఆవకాయకి టెంకతో సహా తెగాలి, దానికి పెద్ద కత్తిపీటే, ఒళ్ళు బరువంతా వేసి రెండు చేతుల్తో నొక్కే పని అది, ఎంత ఖరీదైన చాకూ దాని పక్కకి రాదు.

ఇంకో మాట, ఇది మన ఇళ్లకి మరీ ముఖ్యం. గ్రానైట్ గట్టు మీద, స్టీలు పళ్లెంలో, గాజు బోర్డు మీద కోసే అలవాటుంటే ఖరీదైన కత్తి కొనకండి. నాలుగు రోజుల్లో ఏ కత్తైనా ఒకటే అయిపోతుంది. ముందు చెక్క బోర్డు ఒకటి తెచ్చుకోండి. సింకులో గిన్నెల మధ్య పడేయడం కూడా ఆపాలి, కడిగి వెంటనే తుడిచి పెట్టాలి.

ఇక సాన. 1000 గ్రిట్ (రాయి ఎంత గరుకో చెప్పే అంకె) నీటి రాయి ఒకటి చాలు మొదలుపెట్టడానికి. బుడగలు ఆగేదాకా నీళ్లలో నానబెట్టండి (నానబెట్టొద్దని రాసున్న రాళ్లుంటాయి, వాటి మీద నీళ్లు చల్లితే చాలు), కదలకుండా కింద తడి గుడ్డ వేయండి. కత్తి వెడల్పు 45 మిల్లీమీటర్లుంటే వెన్ను, అంటే అంచుకి ఎదురుగా ఉండే మందపాటి వైపు, రాయి నుంచి 12 మిల్లీమీటర్లు లేపితే 15 డిగ్రీల కోణం వస్తుంది, జపాన్ కత్తికి అది చాలు, ఫైబ్రాక్స్, వుస్తోఫ్ లాంటి మెత్తటి స్టీలుకి ఇంకో రెండు మూడు మిల్లీమీటర్లు లేపండి. కోణం కుదిరిందో లేదో తెలియాలంటే అంచు పొడుగునా మార్కర్‌తో నల్లగా గీసి రెండుసార్లు రుద్ది చూడండి, నలుపు పై భాగంలో మాత్రమే పోయి చివర మిగిలితే వెన్ను ఇంకా లేపాలి, చివర మాత్రమే పోతే దించాలి, మొత్తం పోతే కుదిరినట్టే. అలాగే రుద్దుతూ ఉంటే కాసేపటికి అవతలి వైపు అంచున గోరుకి సన్నటి గరుకు తగులుతుంది, మడమ నుంచి మొన దాకా తగలాలి, మధ్యలో ఎక్కడ తగలకపోయినా అక్కడ పదును రాలేదనే. అప్పుడు తిప్పి రెండోవైపు రుద్దండి, చివర్లో చెయ్యి బరువు తగ్గిస్తూ అటొకటి ఇటొకటి లాగితే ఆ గరుకు రాలిపోతుంది. మొదటిసారి గంట పడుతుంది, నాలుగోసారికి పావుగంటలో అయిపోతుంది. వీధిలోకొచ్చే సాన చక్రం ఆయనకి మామూలు చాకులు నిశ్చింతగా ఇవ్వొచ్చు, ఖరీదైనది మాత్రం ఇవ్వకండి, పొడి చక్రం మీద నిప్పురవ్వలు లేచేలా పెడితే అంచు వేడెక్కి నీలంగా మారుతుంది, నీలం వచ్చిన చోట గట్టిదనం పోయినట్టే, మీరు డబ్బు పెట్టిందేమో ఆ గట్టిదనానికే.

నా లెక్క ఇది. రోజూ ఇద్దరు ముగ్గురికి కూర, పప్పు చేసుకునే ఇంటికి ఫైబ్రాక్స్ స్థాయి కత్తి, 1000 రాయి, చెక్క బోర్డు, ఈ మూడూ కలిపి కూడా ఒక జర్మన్ కత్తి ధర కావు, అక్కడితో ఆగిపోండి. ఆర్నెల్లు సాన మీరే పట్టి, అది అలవాటై, రోజూ గంటకి పైగా కోసే పనుండి, ఇంకా హాయిగా తెగాలనిపిస్తే అప్పుడు పల్చటి జపాన్ కత్తికి వెళ్లండి, ఆ డబ్బు వృథా కాదు, నేను ఖాయంగా చెప్తున్నా. సాన పట్టే ఓపిక లేదంటే మాత్రం వద్దు, మొద్దుబారిన విజి-10 కన్నా పదునుగా ఉన్న నూటయాభై రూపాయల చాకు నయం. సెట్లు ఎప్పుడూ వద్దు, ఐదింట్లో మీ చేతికొచ్చేది ఒక్కటే, మిగతా నాలుగూ స్టాండులోనే ఉండిపోతాయి.

కొట్లో చేతికి తీసుకునే వీలుంటే పిడి మాత్రమే పట్టుకుని చూడకండి, బొటనవేలూ చూపుడువేలూ పిడి ముందున్న ఇనుము మీద పెట్టి చిటికె పట్టినట్టు పట్టండి, అక్కడ వెన్ను అంచు వేలికి కోసుకున్నట్టు అనిపిస్తే ఎంత పేరున్నదైనా పక్కన పెట్టేయండి. బల్ల మీద కోస్తున్నట్టు ఆడించి మీ వేలి కణుపులు బల్లకి తగులుతున్నాయేమో చూడండి. చివరగా అంచుని బల్ల మీద ఆనించి మడమ నుంచి మొనకి మెల్లగా దొర్లించండి, మధ్యలో ఎక్కడైనా కింద నుంచి వెలుతురు కనపడితే అక్కడ ఫ్యాక్టరీవాళ్లు ఎక్కువ అరగదీశారని, ఇంకో పీసు చూపించమని అడగండి.