టింటినాలీ కొనాలా, రోజెన్ కొనాలా? ముందు గాజు ట్యూబ్ ఎక్కడుందో చూడండి

కొత్త బ్యాచ్ చేరిన వారంలోనే ఎవరో ఒకరు అడుగుతారు: "అక్కా, టింటినాలీ చదవాలా, రోజెన్ చదవాలా?" ఎమర్జెన్సీ మెడిసిన్‌లో నాది మూడో ఏడాది. టింటినాలీ, రోజెన్ రెండూ ఈ సబ్జెక్టులో పెద్ద పాఠ్యపుస్తకాలు. చేరిన కొత్తలో నేను రెండూ కొన్నాను. అవి చాలవన్నట్టు సీనియర్ల పెన్‌డ్రైవ్‌లోని పీడీఎఫ్‌లన్నీ ఎక్కించుకున్నాను. మొదటి వారంలో తెరిచింది మాత్రం ఒక్కటీ లేదు.

రెండో వారంలో ఒక రాత్రి, రెండున్నరకి, కరెంటు వచ్చిందని మోటారు వేయడానికి పొలానికి వెళ్లిన రైతును ఆటోలో తెచ్చారు. పాము కాటు, చీలమండ వాచిపోయింది. పుస్తకం తెరిస్తే రాటిల్‌స్నేక్ గురించి పేజీలకు పేజీలు ఉంది. మన కట్లపాము, రక్తపింజర కోసం వెతుక్కోవాల్సి వచ్చింది. సరే, ముందు రక్తం తీద్దామని ప్లాస్టిక్ ట్యూబ్‌లో పోయబోతుంటే నైట్ సిస్టర్ ఆపింది. "గాజుది కావాలి మేడమ్. కొత్తది, పొడిగా ఉండాలి." 2 ఎంఎల్ రక్తం పోసి 20 నిమిషాలు కదపకుండా ఉంచి, అప్పుడు ఒక్కసారి వంచి చూడాలి. వంచాను. నీళ్లలా జారిపోయింది, అంటే విషం వల్ల రక్తం గడ్డకట్టడం లేదు. వెంటనే ఏఎస్‌వీ (పాము విషానికి విరుగుడు మందు) 10 వయల్స్ మొదలుపెట్టాం.

అందుకే నా లిస్టులో మొదటిది పుస్తకం కాదు, కేంద్ర ఆరోగ్య శాఖ పాము కాటు చికిత్స మార్గదర్శకాలు. ఉచితం, చిన్నవి. పిల్లలకూ పెద్దలకూ ఏఎస్‌వీ డోసు ఒకటే అన్న సంగతి కూడా నాకు అక్కడే తెలిసింది. పురుగుమందు, జుట్టు రంగు తాగి వచ్చే కేసులకు మీ డిపార్ట్‌మెంట్ ప్రోటోకాల్ అడిగి తీసుకోండి. జుట్టు రంగు కేసులో గొంతు ఎంత త్వరగా వాచి ఊపిరి ఆడకుండా చేస్తుందో సీనియర్ పక్కన నిలబడి చూస్తేనే తెలుస్తుంది.

ఇక పుస్తకం. ఒక్కటే కొనండి, టింటినాలీ. 2,000 పేజీలు దాటుతుంది కాబట్టి మొదటి పేజీ నుంచి చదువుదామనుకోకండి. నిన్నటి డ్యూటీలో మిమ్మల్ని కంగారు పెట్టిన ఒక కేసు ఎంచుకుని ఆ చాప్టర్ మాత్రం చదవండి. రోజెన్ బాగుంటుంది, కానీ అది తీరిగ్గా కూర్చుని "ఎందుకు?" అని అడిగే వాళ్లకు. ఫస్టియర్‌లో అంత తీరిక ఎవరికుంది? లైబ్రరీలో చూసుకుంటే చాలు.

ఈసీజీకి డబ్బు ఖర్చు పెట్టక్కర్లేదు. లైఫ్ ఇన్ ద ఫాస్ట్ లేన్ సైట్‌లో ఈసీజీ లైబ్రరీ ఉచితం. నేను ఏ వెబ్‌సైటునైనా, యాప్‌నైనా ఒకే కేసుతో పరీక్షిస్తాను: డయాలసిస్ మానేసి, నీరసంతో వచ్చిన మనిషి, పొటాషియం ఎక్కువ. ఐదు నిమిషాల్లో మూడు తెలియాలి. ఈసీజీలో ఏం చూడాలి, కాల్షియం ఎంత ఇవ్వాలి, తర్వాత ఎవరిని పిలవాలి. పొటాషియం ఫిజియాలజీతో మొదలుపెట్టి అక్కడే తిరుగుతుంటే అది పరీక్షల ముందు చదువుకునేది, డ్యూటీకి పనికొచ్చేది కాదు.

పాడ్‌కాస్టుల విషయంలో నాది కాస్త మొండి అభిప్రాయం. మొదటి ఆరు నెలలు వద్దు. ఇంట్యుబేషన్‌కు (శ్వాసనాళంలోకి గొట్టం వేయడానికి) మత్తుమందుగా కెటమిన్ మంచిదా, ఎటోమిడేట్ మంచిదా అని బస్సులో గంటసేపు విన్నాను. అదే రోజు రాత్రి మా క్రాష్ కార్ట్‌లో (అత్యవసర సామాన్ల ట్రాలీలో) బూజీ, అంటే ఆ గొట్టానికి దారి చూపే సన్నటి కడ్డీ, ఏ అరలో ఉందో తెలియక మూడు అరలు లాగాను. డబ్బు కట్టే వీడియో కోర్సులు కూడా అంతే, స్టైపెండ్ చేతికొచ్చిన ఊపులో కొనేయకండి.

సెకండ్‌హ్యాండ్ పుస్తకాలకు హైదరాబాద్‌లో కోఠి ఉండనే ఉంది. పాత ఎడిషన్ అయినా ఫర్వాలేదు, చాలావరకు పనికొస్తుంది. కార్డియాక్ అరెస్ట్ చాప్టర్ మాత్రం అందులో చదవకండి. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2025లో కొత్త మార్గదర్శకాలు ఇచ్చింది, ఏసీఎల్ఎస్ (గుండె ఆగినప్పుడు చేసే చికిత్స నేర్పే) కోర్సుకు వెళ్లేముందు అవే చూసుకోండి. అన్నట్టు, గాజు ట్యూబులు మా దగ్గర ఏఎస్‌వీ ఫ్రిజ్ పక్కన, రెండో అరలో ఉంటాయి. మీ దగ్గర ఎక్కడున్నాయో ఈ రోజే సిస్టర్‌ని అడగండి.