టీమ్‌లోకి వచ్చిన ఫ్రెషర్‌కి పని ఎలా నేర్పాలి?

కాలేజీ నుంచి నేరుగా హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి వచ్చినవాళ్లకు మొదటి మూడు నెలలు కీలకం. ఆ మూడు నెలలూ ట్రైనింగ్ వీడియోలు చూడమని వదిలేస్తే పనీ రాదు, ధైర్యమూ రాదు. నేర్పే బాధ్యత మీ మీద పడితే ఈ వరసలో వెళ్లండి.

1. రాకముందే అన్నీ సిద్ధం చేయండి. లాప్‌టాప్, లాగిన్లు, కోడ్ యాక్సెస్ మొదటి రోజుకే చేతిలో ఉండాలి.

2. మొదటి వారంలోనే ఒక అసలు పని ఇవ్వండి. ఎర్రర్ మెసేజ్‌లో అక్షర దోషం సరిచేయడమైనా చాలు. కోడ్ మార్చడం, టెస్ట్ చేయడం, రివ్యూకి (టీమ్‌లో ఇంకొకరు ఆ కోడ్ చూసి తప్పొప్పులు చెప్పడానికి) పంపడం, ప్రొడక్షన్‌లోకి (యూజర్లు వాడే అసలు సాఫ్ట్‌వేర్‌లోకి) వెళ్లేదాకా చూసుకోవడం అన్నీ వాళ్లే చేయాలి. మీకు పది నిమిషాల పని వాళ్లకు రెండు రోజులు పట్టొచ్చు. మధ్యలో కీబోర్డు లాక్కోకండి.

3. ప్రశ్నలకు ఒక వేళ పెట్టండి. "డౌట్ ఉంటే అడుగు" అన్నంత మాత్రాన ఎవరూ అడగరు. తెలుగు మీడియంలో చదివి వచ్చిన పిల్లలైతే ఇంగ్లిష్‌లో ఎక్కడ తప్పు మాట్లాడతామోనన్న టెన్షన్‌తోనే నోరు విప్పరు. రోజూ సాయంత్రం ఇరవై నిమిషాలు వాళ్లకే కేటాయించి, తెలుగు వస్తే తెలుగులోనే మాట్లాడండి. ఎక్కడైనా ఆగిపోతే అరగంట సొంతంగా ప్రయత్నించి, అప్పుడు అడగమనండి. అడిగేటప్పుడు ఏమేం చేసి చూశారో కూడా చెప్పమనండి. సగం డౌట్లు అలా చెబుతుండగానే తీరిపోతాయి.

4. కోడ్ రివ్యూని పాఠంగా మార్చండి. అన్నిటికంటే ఎక్కువ నేర్చుకునేది ఇక్కడే, కాబట్టి తొందరపడొద్దు. "ఖాళీ విలువ చెక్ చేయలేదు, మార్చు" అని రాస్తే ఆ ఒక్క లైను మారుతుంది, అంతే. "యూజర్ ఫోన్ నంబర్ రాయకుండా సబ్మిట్ నొక్కితే ఏమవుతుంది?" అని అడిగితే వాళ్లే నొక్కి చూస్తారు. స్క్రీన్ మీద ఎర్రర్ వస్తుంది. తర్వాత ఏ ఫారం రాసినా ఆ ప్రశ్న వాళ్లకే తడుతుంది. ఒకేసారి ముప్పై కామెంట్లు గుప్పించకండి. తప్పనిసరిగా మార్చాల్సినవేవో, మీ సలహాలేవో విడిగా చెప్పండి. బాగా రాసిన చోట ఏది బాగుందో కూడా రాయండి. ఉత్త "గుడ్" వల్ల వాళ్లకు తెలిసేదేమీ ఉండదు.

5. వాళ్ల పని గురించి వాళ్లనే మాట్లాడనివ్వండి. డెమో రెండు నిమిషాలదైనా వాళ్లే ఇవ్వాలి. మేనేజర్‌కి పంపే మెయిల్‌లో వాళ్ల పేరు ఉండాలి. తప్పు జరిగితే మాత్రం పదిమందిలో నిలదీయకండి. ముందు సమస్య సరిచేసి, ఏ టెస్ట్ ఉంటే ఆ తప్పు ముందే దొరికేదో పక్కన కూర్చుని వెతకండి.

6. వారానికోసారి రాసిపెట్టండి. ఏం నేర్చుకున్నారు, ఎక్కడ తడబడుతున్నారు అన్న నాలుగు లైన్లు చాలు. అప్రెంటిస్‌గా వచ్చినవాళ్ల విషయంలో ఇది మీ ఇష్టానికి వదిలేసిన పని కాదు. శిక్షణ ఎలా సాగుతోందో సంస్థ రికార్డు ఉంచాలని 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టమే చెబుతోంది.

మూడో నెల చివర్లో, తర్వాత రాబోయే ఫ్రెషర్ కోసం, పని మొదలుపెట్టడానికి ఏమేం సిద్ధం చేసుకోవాలో చెప్పే సెటప్ నోట్ వీళ్ల చేతే రాయించండి. ఎక్కడెక్కడ ఇరుక్కుపోయారో మీకంటే వాళ్లకే బాగా గుర్తుంటుంది.