మిద్దెతోటలో టమాటా పక్కన బంతి: ఎప్పుడు, ఎలా నాటాలి?

బంతి విత్తనాలు ఆగస్టు చివర్లో చల్లండి, టమాటా విత్తనాలు సెప్టెంబరు రెండో వారంలో. ఈ పదిహేను రోజుల తేడా చాలా ముఖ్యం. విజయవాడ పటమటలో మా మిద్దె మీద మొదటి ఏడాది రెండూ ఒకే రోజు చల్లాను. టమాటా పిందె పడే వేళకి బంతి ఇంకా మొగ్గల మీదే ఉంది, శనగపచ్చ పురుగు నేరుగా టమాటా కాయల్లోకి దూరింది. తల్లి పురుగు పూత ఉన్న చోటు వెతుక్కుని గుడ్లు పెడుతుంది, టమాటా పూతకొచ్చేసరికి పక్కనే బంతి బాగా పూసి ఉంటేనే అటు మళ్లుతుంది. గుంటూరు వైపు మిరప, పత్తి చేలల్లో శనగపచ్చ పురుగుకి బంతి, పొగాకు లద్దె పురుగుకి ఆముదం వేసేది ఇందుకే. వీటినే ఎర పంటలంటారు.

నాటడం ఇలా. అక్టోబరు మొదట్లో, వాన కాస్త తెరిపిచ్చాక, 40 రోజుల బంతి నారు, 25 రోజుల టమాటా నారు ఒకేసారి నాటండి. పొడుగ్గా పెరిగే పసుపు బంతి అయితే మంచిది. నాలుగైదు టమాటా కుండీలకి ఒక బంతి కుండీ చాలు, మధ్యలో పెట్టండి.

బంతి పూశాక రెండు రోజులకోసారి పూలు విప్పి చూడండి. పురుగు కనిపిస్తే ఆ పువ్వు తుంచి సబ్బు నీళ్లలో వేసేయాలి, లేకపోతే ఎరగా పెట్టిన మొక్కే పురుగుల పుట్ట అవుతుంది. ఈ పని చేసే ఓపిక లేకపోతే బంతి పెట్టకపోవడమే నయం.

వేర్ల మీద బుడిపెలు కట్టే నులిపురుగులకి మాత్రం పక్క కుండీలో బంతి ఉండి లాభం లేదు. అదే మట్టిలో రెండు నెలలు ఒత్తుగా బంతి పెంచి, తర్వాత మొక్కల్ని ముక్కలు చేసి అందులోనే కలిపేయాలి.

వంకాయ కుండీల అంచున ధనియాలు నలిపి చల్లండి. కొత్తిమీర అంతా కోసేయకుండా నాలుగు మొక్కలు పూతకి వదలండి. ఆ చిన్న తెల్ల పూల తేనె కోసం పురుగుల్ని చంపే సన్నటి కందిరీగలు వస్తాయి, తేనెటీగలూ వస్తాయి కాబట్టి పక్కన బీర, దోస ఉంటే వాటికీ మేలే.

ఒక మూల అలసందలు నాలుగు గింజలు పెట్టండి. దానికి పేనుబంక (చిగుళ్ల రసం పీల్చే సన్నటి పురుగుల గుంపు) తప్పకుండా పడుతుంది, కంగారుపడి మందు కొట్టకండి. వారం ఆగితే ఆ పేనుని తినడానికి అక్షింతల పురుగులు వస్తాయి. వాటి పిల్లల్ని గుర్తుపట్టడం ముందే నేర్చుకోండి: బియ్యపు గింజంత పొడవు, నల్లటి ఒళ్లు, మీద నారింజ మచ్చలు, చిన్న మొసలి పిల్లలా పేను గుంపు మధ్యలో గబగబా తిరుగుతుంటుంది. చూడ్డానికి చీడలాగే ఉంటుంది కాబట్టి చాలామంది నలిపేస్తారు, నేనూ చాలా నలిపాను, తెలిశాక బాధేసింది. ఇవి కనిపించిన మొక్క మీద వేపనూనె కూడా కొట్టొద్దు, మిగతా వాటికి కావాలంటే ఎండ తగ్గాక సాయంత్రం కొట్టుకోండి.

వంగ, టమాటా, మిరప ఒకే కుటుంబం. ఒకదానికి వచ్చిన తెగులు రెండోదానికి తేలిగ్గా అంటుకుంటుంది. వీటిని ఒకే కుండీలో పెట్టకండి, మధ్యలో అలసంద, కొత్తిమీర కుండీలు వచ్చేలా సర్దుకోండి.

ఫిబ్రవరిలో టమాటా అయిపోయాక ఆ మట్టిలో మళ్లీ వంకాయ నాటకండి. గుప్పెడు వేపపిండి, కొంచెం పశువుల ఎరువు కలిపి తోటకూర చల్లేయండి, మన ఎండలు ముదిరేలోపు రెండు కోతలు వస్తాయి.