చెన్నైకి తెచ్చుకున్న పాత కారుకు ఓన్ డ్యామేజ్ బీమా ఉంచుకోవాలా?

నెల్లూరు నుంచో గుంటూరు నుంచో ఉద్యోగానికి చెన్నై వచ్చి, ఎనిమిదేళ్లుగా వాడుతున్న కారునే వెంట తెచ్చుకున్నవారికి మొదటి రెన్యువల్ నాడు ఎదురయ్యే ప్రశ్న ఇది. మన బండి వల్ల ఇతరులకు జరిగే నష్టాన్ని భరించే థర్డ్ పార్టీ బీమా గురించి ఆలోచించవలసినదేమీ లేదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం అది తప్పనిసరి. మన ఇష్టానికి వదిలినదల్లా మన బండికి జరిగే నష్టాన్ని భరించే ఓన్ డ్యామేజ్ భాగమే.

ముందు పాలసీలో ఐడీవీ, అంటే కారు ప్రస్తుత విలువగా కంపెనీ రాసిన మొత్తం, ఎంత ఉందో చూడండి. కారు దొంగల పాలైనా, పూర్తిగా పాడైపోయినా అంతకు మించి రాదు. చిన్న దెబ్బలకు వచ్చేది ఇంకా తక్కువ. ఐదేళ్లు దాటి పదేళ్లలోపు ఉన్న బండికి లోహపు భాగాల ధరలో 40 శాతం, ప్లాస్టిక్ భాగాల ధరలో సగం తరుగుదల కింద కోసేస్తారు. 1500 సీసీ లోపు కారైతే మరో 1,000 రూపాయలు మనమే భరించాలి. బంపర్ 8,000, కూలి 3,000 అయిందనుకుంటే చేతికి వచ్చేది సుమారు 6,000. క్లెయిమ్ చేయని ఏళ్లకుగాను ప్రీమియంలో ఇచ్చే తగ్గింపే నో క్లెయిమ్ బోనస్; ఆ క్లెయిమ్‌తో 50 శాతం బోనస్ పోతే మరుసటి ఏడు ఓన్ డ్యామేజ్ ప్రీమియం దాదాపు రెట్టింపవుతుంది. అందుచేత గీతలకు, సొట్టలకు భయపడి పాత కారుకు ఈ బీమా కట్టడం దండగని నా అభిప్రాయం.

అయితే చెన్నైలో అసలు భయం నీటితోనే. 2015 డిసెంబరు వరదల్లోనూ, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానప్పుడూ ఎన్నో కార్లు మునిగాయి. రెండోసారి వేళచ్చేరివారు ముందుగానే కార్లను ఫ్లైఓవర్ మీదికి చేర్చి నిలబెట్టుకున్నారు. వరద నష్టం ఓన్ డ్యామేజ్ కిందికే వస్తుంది, థర్డ్ పార్టీ పాలసీ కిందికి రాదు. కాబట్టి నిర్ణయానికి ముందు మీ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌నో, వీధిలో చాలాకాలంగా ఉంటున్న పెద్దవారినో 2015లో నీళ్లు ఎంతవరకు వచ్చాయని అడగండి. గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తారు. ఆ చెయ్యి కారు చక్రం కంటే ఎత్తున ఉంటే, ఐడీవీ లక్షన్నర ఉన్నా సరే, బీమా వదలవద్దని గట్టిగా చెబుతాను. పార్కింగు మెరకలో ఉండి, ఐడీవీ లక్షలోపుకు దిగి, కారు పోయినా మరొకటి కొనుక్కోగలిగిన స్తోమత ఉంటే థర్డ్ పార్టీతో సరిపెట్టుకోవచ్చు.

నీట మునిగిన కారును మాత్రం దయచేసి స్టార్ట్ చేయకండి. అలా చేసి ఇంజన్ పాడైతే, ఇంజన్ రక్షణ కోసం విడిగా కవర్ తీసుకుని ఉంటే తప్ప, సాధారణ పాలసీ ఆ నష్టాన్ని భరించదు. ఫొటోలు తీసి, కంపెనీకి తెలిపి, బండిని లాగించి గ్యారేజీకి చేర్చండి.

చిరునామా మారిన సంగతి కూడా కంపెనీకి చెప్పండి; ఓన్ డ్యామేజ్ ప్రీమియం లెక్కలో చెన్నై ఎ జోన్, నెల్లూరు, గుంటూరు బి జోన్ కనుక కొంత తేడా వస్తుంది. వద్దనుకున్నా గడువు ముగిసిన 90 రోజుల్లోపే తుది నిర్ణయం తీసుకోండి, ఎందుకంటే ఆ తర్వాత కూడబెట్టుకున్న బోనస్ పోతుంది. గడువు దాటాక మళ్లీ కావాలంటే సాధారణంగా బండిని తనిఖీ చేయించుకోవలసి వస్తుంది.